నాలుగో అంకంలో రాజీ

సత్యకుమారి ఆ ఉదయం వేసుకున్న పథకంలో గొడవకు ఎక్కడా చోటు లేదు. పది గంటలకల్లా పరీక్షాధికారి పల్లంరాజు గారు యూనివర్సిటీ నుంచి కారులో వస్తారు. మేడమీద గదిలో ఫ్యాను కింద కూర్చుంటారు. ఆమె దగ్గర ఇంగ్లీషు సాహిత్యం చదువుకునే పిల్లలు ఒక్కొక్కరే వెళ్లి, ఎలిజబెత్ రాణి కాలం నాటి ఒక విషాద నాటకం గురించి ఆయన అడిగినవాటికి జవాబులు చెబుతారు. మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం పెట్టి ఆయన్ని సాగనంపితే గండం గడిచినట్టే.

గండమని ఊరికే అనలేదు. తణుకు పక్కన వరిచేల మధ్య ఉన్న ఆ డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యంలో చేరేవాళ్లు బొత్తిగా తగ్గిపోయారు. ఈ పిల్లలకు నాటకం అర్థమైందని పల్లంరాజు గారు రాసిస్తే కోర్సు నిలుస్తుంది. లేదంటే వచ్చే ఏడు ఎత్తేస్తారు, సత్యకుమారి ఇంకెక్కడో ఇంటర్వ్యూలో ఎలా నవ్వాలో నేర్పుకుంటూ బతకాలి. పల్లంరాజు గారు ఆ నాటకాన్ని జీవితమంతా పాఠం చెప్పిన మనిషి. ఆయన కాలు పెట్టిన కాలేజీలో ఏదో ఒక కోర్సు మూతపడుతుందని ప్రతీతి. అయితే ఫోనులో మాత్రం ఒక మంచి మాట అన్నారు. పిల్లలు ఏ భాషలో చెప్పినా సరేనట, నటించి చూపించినా సరేనట, అర్థమైందా లేదా అన్నదే తనకు కావాలట. కొంప ముంచింది ఆ మంచి మాటే.

నటిస్తామని పిల్లలు ఎగిరి గంతేశారు. కథ పెద్ద చిక్కుదేమీ కాదు. రాజ్యం మీద కన్నేసిన తమ్ముడి చెప్పుడు మాటలు విని రాజు రాణిని అనుమానిస్తాడు. నాలుగో అంకం చివర ఆమెకు శిక్షగా విషం పంపిస్తాడు. అయిదో అంకంలో నిజం తెలిసి తల బాదుకుంటాడు.

రాజు వేషం హరిబాబుది. కిరీటం లేనిదే రాజునంటే ఎవరు నమ్ముతారని అతను వాళ్ల ఊరి నాటక సమాజం వాళ్ల కిరీటం అడిగి తెచ్చుకున్నాడు. కిరీటం భద్రంగా తిరిగి రావాలి కదా అని, సమాజానికి పెద్దా హరిబాబుకు సొంత పెదనాన్నా అయిన త్రిమూర్తులు గారు దాని వెంట వచ్చారు. కిరీటం వెళ్లే చోటికి హార్మోనియం వెళ్లకపోతే ఏం మర్యాదని సత్తియ్య తన పెట్టెతో సహా ఆటోలో దిగాడు. వాళ్లిద్దరి వెనక మరో రెండు ఆటోలు వచ్చాయి. మేడమీద గదిలో హార్మోనియం పట్టింది గాని మనుషులు పట్టలేదు. పరీక్ష కాస్తా మెట్లు దిగి, సైకిళ్లు పెట్టుకునే రేకుల షెడ్డులోకి వచ్చింది, నాలుగు బల్లలు కలిపితే వేదికైంది.

సత్తియ్య శ్రుతి సరిచూసుకుందామని ఒక్కసారి వాయించాడు. గోదావరి జిల్లాల్లో హార్మోనియం మోగాక ఇంట్లో కూర్చునేదెవరు? కాలవగట్టు మీద పోయేవాళ్లు ఆగిపోయారు. రైసుమిల్లు జట్టు కూలీలు తువ్వాళ్లు దులుపుకుంటూ వచ్చారు. ఎదురువీధి ఆడవాళ్లు పీటలు తెచ్చుకుని మరీ ముందువరసలో కూర్చున్నారు. ఆ జనాన్ని చూసి ప్రిన్సిపాల్ గారికి హుషారు పుట్టి మైకు పెట్టించారు. మైకు విని మిగిలిన ఊరు వచ్చింది.

పల్లంరాజు గారు కారు దిగేసరికి మెడలో బంతిపూల దండ, చేతిలో కొబ్బరిబొండం పడ్డాయి. తాను పరీక్ష పెట్టడానికి వచ్చానని ఆయన చెప్పబోతే, మైకులో అప్పటికే ముఖ్య అతిథిని చేసేశారు. దండ తీసి పక్కన పెట్టి, కళ్లజోడు సవరించుకుని, ఆయన సత్యకుమారిని ఒక్క చూపు చూశారు. ఆమెకు తలప్రాణం తోకకొచ్చింది.

నాటకం మొదలైంది. తమ్ముడు వేషం వేసిన వీరబాబు రాణి మీద చాడీలు చెప్పే ఘట్టం బాగా పండింది. ఎంత బాగా అంటే, అలవాటు కొద్దీ జనంలోంచి "వన్స్ మోర్" అన్నారు. మర్యాద తెలిసిన కుర్రాడు కాబట్టి వీరబాబు చాడీలన్నీ మొదటినుంచి మళ్లీ చెప్పాడు. రెండోసారికి రాజు ఇంకా గట్టిగా నమ్మాడు. పల్లంరాజు గారు కలం మూత తీసి, మళ్లీ పెట్టేశారు. మూత పెట్టిన ఆ చప్పుడు సత్యకుమారికి కాలేజీ గేటు వేసినట్టే వినిపించింది.

కాని అంత భయంలోనూ ఆమెకు ఒక వింత కనిపించసాగింది. తాను క్లాసులో బతిమాలి చదివించిన కథను ఈ జనం గుటకలు మింగుతూ వింటున్నారు. చంటిపిల్ల ఏడిస్తే తల్లి పిల్లని ఎత్తుకుని దూరంగా వెళ్లింది గాని వేదిక మీది నుంచి కళ్లు తిప్పుకోలేదు. నాలుగు వందల ఏళ్ల కిందట, సముద్రాల అవతల, ఎవరో రాసిన మాటలకి ఇక్కడ రైసుమిల్లు మనుషులు పళ్లు కొరుకుతున్నారు.

నాలుగో అంకం చివరికి వచ్చింది. రాణిగా సాయిదుర్గ నిలబడి ఉంది. నరసాపురం అవతల సముద్రపు ఒడ్డు పల్లెనుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. తండ్రి పడవ మీద వేటకు వెళతాడు. క్లాసులో పేరు పిలిస్తే పలకడానికే మొహమాటపడే పిల్ల. భటుడు తెచ్చిన గిన్నె ఆమె చేతిలోకి తీసుకుంది.

"ఆగమ్మా," అన్నారు త్రిమూర్తులు గారు.

పురాణ నాటకమైతే ఆయన లేచేవారు కాదు. అందులో ఎవరు ఎప్పుడు పోతారో ఆయనకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఈ కథ తెలియదు. తెలియనప్పుడు సర్దుబాటుకు ఇంకా వేళ ఉన్నట్టే కదా. గట్టు తగాదాలు, నీళ్ల వంతుల తగాదాలు తీర్చి తీర్చి పండిపోయిన మనిషి, కళ్లెదుట ఒక సంసారం కూలిపోతుంటే చేతులు ముడుచుకుని కూర్చోలేకపోయారు. కండువా సవరించుకుని వేదిక ఎక్కి, సాయిదుర్గ చేతిలో గిన్నె తీసుకుని, రాజునీ తమ్ముణ్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు.

తీర్పు చకచకా జరిగిపోయింది. ఏటి అవతలి సగం రాజ్యం తమ్ముడికి, ఇవతలి సగం రాజుకి. రాణి నెల్లాళ్లు పుట్టింట్లో ఉండాలి. తర్వాత రాజే వెళ్లి, చీర పెట్టి తీసుకురావాలి. విషం కాలవలో పారబోయాలని ఒకరంటే, చేపలు చచ్చిపోతాయి, గొయ్యి తీసి పూడ్చండని మరొకరన్నారు. జనమంతా న్యాయంగా ఉందన్నారు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ పెదనాన్నకు ఎదురు చెప్పి ఎరగని రాజు కిరీటం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మీరెలా అంటే అలాగే పెదనాన్నా," అన్నాడు.

సత్యకుమారి కళ్లు మూసుకుంది. విషాద నాటకం నాలుగో అంకంలో రాజీ పడిపోయింది. చావాల్సినవాళ్లందరూ భోజనానికి లేవబోతున్నారు. ఇక ఈ పిల్లలకు నాటకం అర్థమైందని ఏ మొహం పెట్టుకుని చెప్పడం?

అప్పుడు పల్లంరాజు గారు మొదటిసారి నోరు విప్పారు. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే.

"రాణిగారూ, ఈ రాజీ మీకు సమ్మతమేనా?"

సాయిదుర్గ త్రిమూర్తులు గారి వైపు తిరిగింది.

"తాతగారూ, తమ్ముడుగారికి రాజ్యం ఇచ్చారు. రాజుగారికి పరువు ఇచ్చారు. నన్ను పుట్టింటికి పంపారు. నేను తప్పు చేశానా లేదా అని ఎవరైనా అడిగారాండి?"

సత్తియ్య హార్మోనియం మీదినుంచి చేతులు తీసేశాడు.

"మొదట్నుంచీ నిజం చెప్తూనే ఉన్నానండి. రాజుగారు వినలేదు. చాడీలు రెండుసార్లు చెప్పించుకుని విన్న మీరు కూడా నా మాట ఒక్కసారి చెప్పమనలేదు. ఆ గిన్నెలో ఏముందో తెలిసే ఆయన నాకు పంపించారు. పంపిన చెయ్యి పంపినట్టే ఉంది. అది మీ రాజీలో ఎక్కడుందండి?"

త్రిమూర్తులు గారు తల వంచుకుని గిన్నె ఆ పిల్ల చేతికి తిరిగి ఇచ్చి, "ఆయ్, తప్పు నాదేనమ్మా," అని వేదిక దిగారు. ముందువరసలో ఆడవాళ్లు ఆయనకు దారి ఇచ్చారు గాని ఒక్కరూ ఆయన మొహం చూడలేదు.

సత్యకుమారి స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. ఇన్నేళ్లుగా ఆ నాటకం పాఠం చెబుతూ రాజు తొందరపాటు గురించి, తమ్ముడి దుర్బుద్ధి గురించి పిల్లలచేత పేజీలకు పేజీలు రాయించింది. రాణిని ఎవరూ ఏమీ అడగలేదన్న సంగతి ఆమెకు ఒక్కనాడూ తట్టలేదు. వెనక బెంచీలో తల వంచుకు కూర్చునే పిల్లకు తట్టింది. సత్యకుమారికి ఆనందమో, సిగ్గో, భక్తో తెలియని ఏడుపు వచ్చింది.

సాయిదుర్గ గిన్నె పెదవుల దగ్గరికి తీసుకుంది.

"ఉండమ్మా, తొందరేముంది?" అని వినిపించింది.

ఈసారి లేచింది పల్లంరాజు గారు. కుర్చీ వెనక్కి పడిపోయిందని కూడా ఆయనకు తెలియలేదు. కళ్లజోడు చేతిలో ఉంది, కళ్లు తుడుచుకున్నట్టు ఎర్రగా ఉన్నాయి. "ఇంకోసారి ఆలోచిద్దాం. రాజుగారితో నేను మాట్లాడతాను," అన్నారు.

జనమంతా ఆశగా సాయిదుర్గ వైపు చూశారు. ఆ పిల్ల మాత్రం ఆయన్ని జాలిగా చూసింది.

"అయిదో అంకం మీకు తెలుసు కదండీ, సార్."

"తెలుసమ్మా," అన్నారు పల్లంరాజు గారు. ఎవరో కుర్చీ లేవనెత్తితే మెల్లగా కూర్చున్నారు.

రాణి విషం తాగింది. తర్వాత నిజం తెలిసి హరిబాబు ఎంత గుండెలు బాదుకున్నా ఎవరూ కరగలేదు. ఇప్పుడేడ్చి ఏం లాభమని ముందువరసలో ఒకావిడ పైకే అంది.

కోర్సు నిలిచింది. ఈ కాలేజీలో ఈ నాటకం తనకంటే బాగా తెలిసిన విద్యార్థులున్నారని పల్లంరాజు గారు నివేదికలో రాశారు. సాయిదుర్గకు నూటికి నూరు, చాడీలు చెప్పిన వీరబాబుకు కూడా ఎనభై వేశారు. హరిబాబుకు మాత్రం బొటాబొటి పాసు మార్కులే పడ్డాయి. తప్పులేమీ చెప్పలేదు కదండీ అని సత్యకుమారి ఫోను చేసి అడిగితే, అలాంటి మొగుడికి అవే ఎక్కువన్నారు.