వచ్చాడా, వచ్చిందా, వచ్చారా?

హంతకులెవరో ముందే చెప్పేసేవాళ్లను తిట్టకండి! పిలిచి శాలువా కప్పండి. ఈ రోజుల్లో మూడొందల పేజీలు చదివే ఓపిక ఎవరికుందండీ?

సిడ్నీలో నా మాస్టర్స్ ఎవా మార్చ్‌బ్యాంక్ దొరసాని మీద. తొంభై ఏళ్ల కిందట ఇక్కడే చదువుకుంటూ, అనాటమీ క్లాసులు ఎగ్గొట్టి, తొలి డిటెక్టివ్ నవల రాసిన మహాతల్లి. తర్వాత ఇంకో ముప్ఫై రాసింది. ఒక్కదాంట్లోనైనా ఆఖరి పేజీ దాకా గుట్టు విప్పితే ఒట్టు! పాఠకుల టైమంటే ఎంత చులకనో చూడండి.

మా తెలుగు సంఘం వార్షిక సంచికలో నా పేరు అచ్చులో చూసుకోవాలని రెండేళ్లుగా ప్రాణం కొట్టుకుంటోంది. ఎడిటర్ ద్వారకానాథ్ అంకుల్ ఏది పంపినా తిప్పి కొడుతున్నారు. ఈసారి దొరసాని తొలి నవలను తెలుగు చేద్దామని కూర్చున్నాను.

మొదటి వాక్యంలోనే చీకటి గదిలోకి హంతకుల ప్రవేశం. మనిషి ఒక్కరే, కానీ ఇంగ్లీషు "కేమ్"లో ఆడో మగో తెలియదు. మరి తెలుగులో? "వచ్చింది" అని రాసి బెన్‌హర్‌కి చూపించాను. వెస్ట్‌మీడ్‌లో నేను అద్దెకుండే ఇంటి ఓనర్ వసంతకుమారి ఆంటీకి మేనల్లుడు, నర్సింగ్ స్టూడెంట్.

"లేడీ కదా? నువ్వు చెప్పిన కథలో ఆ ఇంట్లో ఉన్నదే ఒక్క లేడీ. కేస్ క్లోజ్డ్! ఈ ఆర్వో, అదే మధ్యాహ్నం, నాకు షిఫ్టుంది, వెళ్తన్నా."

ఒకే ఒక్క క్రియాపదం! మూడొందల పేజీలు మిగిలిపోలేదూ?

పోనీ మర్యాదగా దాచేద్దామని "వచ్చారు" అని మార్చాను. కత్తి తీశారు. పొడిచారు. చేతులు కడుక్కున్నారు. ఆంటీ చదివి కళ్లజోడు తీశారు.

"ఎవరో పెద్దాయనలా ఉన్నారే! చేతులు కూడా కడుక్కున్నారంట, ఇంక అన్నం పెట్టెయ్యొచ్చుగా?"

ఎంత గొప్ప భాషండీ మనది! ఇక్కడి పోలీసులకు తెలుగు ట్యూషన్ పెట్టిస్తే, డిటెక్టివ్‌లందరూ హాయిగా ఇంటికెళ్లి బార్బీ మీద, అదేనండీ బార్బెక్యూ పొయ్యి మీద, సాసేజీలు కాల్చుకోవచ్చు.

కాకపోతే తెలుగుకీ దొరకని చోటొకటుంది. "నేను" చాటున! నేను వచ్చాను, నేను రాశాను, నేను పొడిచాను. కనిపెట్టండి చూద్దాం!

దొరసాని కూడా చాటునే బతికింది. ఆడపిల్ల రాసిన హత్యలు అమ్ముడుపోవని పబ్లిషర్ మొహం మీదే చెప్పాడట. అదే నవలను "ఇ. మార్చ్‌బ్యాంక్" పేరుతో పంపితే కళ్లకద్దుకుని అచ్చేశాడు. పాపం, పాతకాలం మనుషులు! ఇప్పుడలా ఎందుకుంటుంది?

మా ఎడిటర్ అంకుల్‌నే చూడండి. నా పూర్తి పేరుతో పంపినప్పుడల్లా, "ఈ హత్యలవీ ఎందుకమ్మా, వంటల పేజీకి ఏదైనా రాసిపెట్టు" అనేవారు. ఈసారి అనువాదం పక్కన పడేసి, ఈ వ్యాసమే, యూనివర్సిటీ ఐడీ కార్డు మీదున్నట్టు "ఎల్. యోగానంద్" అని పంపాను. గంటలో జవాబొచ్చింది.

"బాబూ, అదరగొట్టావ్! నీలాంటి యంగ్‌స్టర్సే కావాలి మనకి. ఫస్ట్ పేజీలో వేస్తున్నాం."

పొంగిపోయాను. రెండు నిమిషాలే. ఆ తర్వాత ఒళ్లు మండిపోయింది.

కుర్రాడు చురుకైనవాడని ప్రూఫులు దిద్దే పని కూడా నాకే అప్పగించారు. అంకుల్ మీద వేసిన చురకలూ, "దొరసాని కూడా చాటునే బతికింది" నుంచి ఇక్కడిదాకా ఉన్నదీ అప్పుడు చేర్చినవే. అంకుల్ మళ్లీ చూడలేదు.

యోగానంద్ మా నాన్న పేరండీ. నేను లిఖితను. అంకుల్, వంటల పేజీ ఖాళీగా ఉంటే మీరే ఏదైనా రాసిపెట్టండి!