మామగారి కుర్చీ చెయ్యి

వీధిలో అందరూ ఆయన్ని మరమ్మతుల మావయ్య అంటారు. ఆయన బాగుచేసిన వస్తువులు మాత్రం ఏమీ అనవు. అనే స్థితిలో ఉండవు.

ఈసారి ఆయన కన్ను మామగారి కుర్చీ మీద పడింది. మామగారు పోయి మూడేళ్ళు. కాలు విరిగిన ఆ చెక్క కుర్చీ ఒక్కటే భార్యకి పుట్టింటి గుర్తుగా మిగిలింది. ఆమె అక్కయ్య ఇంటికి వెళ్ళి వచ్చే రెండు రోజుల్లో దాన్ని ఊగే కుర్చీగా మార్చి శభాష్ అనిపించుకోవాలని ఆయన పథకం.

మొదటి రోజు కింద వంపు చెక్కలు బిగించాడు. కుర్చీ ఊగింది, కాకపోతే పక్కకి. రెండో రోజు కుడి చెయ్యి మీద గరుకుగా ఒక గుంట కనబడితే, గరుకు కాగితంతో రుద్ది రుద్ది అద్దంలా చేశాడు.

చేశాక గుర్తొచ్చింది. భార్య పేపరు చదివి వినిపిస్తుంటే, మామగారు ఏళ్ళ తరబడి వేళ్ళతో తాళం వేసిన చోటు అది.

గుంట మళ్ళీ తెప్పించాలని మధ్యాహ్నమంతా తన వేళ్ళతో వాయించాడు. వేళ్ళు వాచాయి గానీ చెక్క చెక్కుచెదరలేదు. ఉలి తీశాడు. సాయంత్రానికి అక్కడ గిన్నె పట్టేంత గొయ్యి తయారైంది.

సరిగ్గా అప్పుడే భార్య లోపలికి వచ్చింది. గొయ్యిని చూసింది, ఆయన్ని చూసింది.

"ఏమిటండీ ఇది?"

"గ్లాసు పెట్టుకోవడానికి" అన్నాడు. ఆ వెంటనే తల దించుకున్నాడు. "కాదులే. మీ నాన్నగారి గుర్తు చెరిపేశాను. తెలియక చేశాను."

ఆమె సంచి కింద పెట్టి, బీరువాలో చీరల అడుగు నుంచి గుడ్డలో చుట్టిన చెక్క ఒకటి తీసింది. కుర్చీ చెయ్యి. దాని మీద నాలుగు వేళ్ళ గుంటలు, నున్నగా.

"పోయిన నెల మీరు ఆ కుర్చీని రెండుసార్లు కొలిచారు. మర్నాడే వడ్రంగిని పిలిచి అసలు చెయ్యి తీయించి వేరేది పెట్టించాను."

"మరి నేను రుద్దిన గుంట?"

"అతని కొట్లో పాత చెక్కది. దాని మీద పెట్టి మేకులు కొట్టుకునేవాడట."

"దానికి రెండుసార్లు దణ్ణం పెట్టి క్షమాపణ చెప్పుకున్నానే."

"వడ్రంగికి చెప్తాలెండి."

నవ్వుతూనే ఆమె ఆ గుంటల్లో వేళ్ళు పెట్టింది. నవ్వు ఆగింది. "నేను తప్పు చదివితే నాన్న వేళ్ళు ఆగిపోయేవి. పైకి ఏమీ అనేవాడు కాదు. ఇప్పుడు ఎంత చదివినా ఆ చప్పుడు లేదండీ."

ఆయన స్క్రూడ్రైవర్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అసలు చెయ్యి తనే బిగించి, కుర్చీలో కూర్చుని, పక్కకి ఒరిగింది. ఆయన ఎదురుగా నేల మీద చతికిలబడి, పేపరు విప్పి చదవడం మొదలుపెట్టాడు. కాసేపటికి చెక్క మీద చిన్నగా చప్పుడు మొదలైంది.

రెండో వార్తలో తొందరపడి ఒక వరస వదిలేశాడు. చప్పుడు ఆగింది.

ఆయన వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాడు.