ముందే పడిన దండ

2001 మార్చిలో ఒక మంగళవారం పొద్దున్న మునిసిపల్ చైర్మన్ సోమేశ్వరరావు గారు అనుకున్నది ఒక్కటే. పారిశుద్ధ్య కార్మికుల కాంట్రాక్టును ఏడాది పొడిగించే అంశాన్ని కౌన్సిల్లో వాయిదా వేయించి, పన్నెండింటికల్లా ఇంటికెళ్ళి భోంచెయ్యాలి. ప్రభుత్వ గ్రాంటు వస్తుందో రాదో తెలియదు. కాంట్రాక్టు మాత్రం నెలాఖరుతో ముగుస్తుంది. వాయిదా పడితే ఒకటో తారీఖు నుంచి నలభై రెండు మందికి పనుండదు.

వాళ్ళు గేటు ముందు కూర్చుంటారని ఆయనకి తెలుసు. "ముందు టిఫిన్ పెట్టించండి. కడుపులో పడితే గొంతు తగ్గుతుంది," అని కమిషనర్‌కి చెప్పి లోపలికి వెళ్ళారు. కడుపు నిండినవాళ్ళకి ఇలాంటి ఉపాయాలు తొందరగా తడతాయి.

గేటు దగ్గర ఉప్మా పొట్లాలు దిగాయి. కార్మికుల యూనియన్ నాయకురాలు వీరదుర్గ పొట్లం విప్పింది. అందులో జీడిపప్పు ఉంది.

"పోతయ్య బాబాయ్, ఏంటిది?"

పోతయ్య యూనియన్లో అందరికంటే పెద్దవాడు. "తీర్మానం పాసైపోయిందమ్మా," అన్నాడు నములుతూ. "పదకొండేళ్ళ బట్టి ఊరు ఊడుస్తున్నాను. మంచినీళ్ళడిగితే వీధి కుళాయి చూపించారు. అలాంటివాళ్ళు ఊరికే జీడిపప్పు పెడతారా?"

వీరదుర్గకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పని పోతే పిల్లల్ని బడి మాన్పించి దివిసీమలో పుట్టింటికి చేరాలి, చేపలు ఎండబెట్టుకోవాలి. నెల్లాళ్ళుగా అదే బెంగ.

"ఊరికే వెళ్ళిపోతే బాగోదు బాబాయ్. మర్యాద చెయ్యాలి."

తలో చెయ్యి వేసి శాలువా, దండ తెచ్చారు. పామర్రు పెళ్ళికి బస్సు కోసం నిలబడ్డ బ్యాండువాళ్ళు విషయం విని, బస్సొచ్చేలోగా ఒక పాట వాయిస్తామన్నారు.

లోపల కమిషనర్ వాయిదా ప్రతిపాదన చదవడం మొదలుపెట్టాడు. బయట బ్యాండు మోగింది. ఘెరావ్ అనుకుని ఇద్దరు కౌన్సిలర్లు వెనక తలుపు వైపు జరిగారు. ముందు తలుపు తెరుచుకుంది. వీరదుర్గ తిన్నగా వచ్చి చైర్మన్ మెడలో దండ వేసి, భుజాల మీద శాలువా కప్పింది.

"బాబుగారూ, మా నలభై రెండు కుటుంబాలూ మీ పేరు చెప్పుకుని అన్నం తింటాయండి."

మూల కూర్చున్న విలేకరి ఫొటో తీశాడు. చైర్మన్ గారు అలవాటు కొద్దీ దండ సర్దుకున్నారు.

ప్రతిపక్ష కౌన్సిలర్ గంగాధరరావు లేచారు. చైర్మన్ చాటుగా మాటిచ్చేసి పేరంతా కొట్టేస్తున్నాడని ఆయన అనుకున్నారు. "ఏడాదేంటండీ, బిచ్చమా? మా పక్షం మూడేళ్ళు అడుగుతోంది."

"మూడేళ్ళన్నది ముందు నేనండీ," అన్నారు చైర్మన్, ఆ ఉక్కలో శాలువా కింద చెమటలు కక్కుతూ.

కమిషనర్ ఆయన చెవిలో గొణిగాడు. "సార్, గ్రాంటు రాలేదు."

"దండ వచ్చేసిందిగా. రాసుకోవయ్యా."

తీర్మానం ఏకగ్రీవమైంది.

సాయంత్రం అటెండరు చెప్తేగానీ వీరదుర్గకి అసలు సంగతి తెలియలేదు. సిగ్గుతో చైర్మన్ ఇంటికి వెళ్ళింది. "తెలీక ముందే దండేశామండి. ఏమనుకోకండి."

సోమేశ్వరరావు గారు మేకుకి తగిలించిన దండ వైపు చూశారు. "ఎలక్షన్లో గెలిచిన రోజు నాకు పడిన దండలన్నీ నేనే కొని వేయించుకున్నానమ్మా. ఇదొక్కటే ఊరికే వచ్చింది. గ్రాంటు కోసం రేపు హైదరాబాద్ వెళ్తున్నాను. తెచ్చాకే వస్తాను."

వీరదుర్గ దణ్ణం పెట్టింది. ఈసారి తెలిసే పెట్టింది.

మర్నాడు మునిసిపల్ ఆఫీసు గేటుకి కమిషనర్ సంతకంతో ఒక నోటీసు వేలాడింది: కౌన్సిల్ సమావేశం ముగియకుండా ఎవరూ ఎవరికీ కృతజ్ఞతలు తెలపరాదు.