గీతల మీద దరువు

కంప్యూటర్‌లో సంగీతం రాసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుంటుంది. అందులో డప్పు దరువు ఎక్కించడం ఎంత కష్టంగా ఉంటే మానవజాతికి అంత మేలు! నవ్వకండి. ఇది బాగా ఆలోచించి చెబుతున్న మాట.

వీణవాళ్ళకూ వయొలిన్‌వాళ్ళకూ ఈ మేలు దక్కదు. వాళ్ళ స్వరానికి ఒక ఎత్తు ఉంటుంది. పాశ్చాత్య సంగీతం రాసే అయిదు గీతల్లో ఆ ఎత్తున ఉన్న గీత మీద చుక్క పెడితే పని అయిపోయింది. డప్పుకు అలాంటి ఎత్తు ఎక్కడిది? అయినా సాఫ్ట్‌వేర్ ఊరుకోదు, ఏ గీత మీద కూర్చుంటావని అడుగుతుంది. పెద్ద డ్రమ్ము కింద, తాళాలు పైన, తక్కినవన్నీ మధ్యలో. ఏ బటన్ నొక్కితే ఏది మోగుతుందో కంఠతా పట్టాలి. వేలు పొరబడితే దరువు మధ్యలో పోలీసు విజిల్ వినిపిస్తుంది. ఓర్పు నేర్పడానికి ఇంతకంటే గొప్ప గురువు ఎవరున్నారు?

ఈ గురువు దగ్గర చేరిన శిష్యుడు అర్జునరావు. కంచరపాలెంలో రైలు పట్టాలకు ఇవతల ఇల్లు, ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. మనిషితో మాట్లాడాలంటే గొంతు తడారిపోయే రకం. చిన్నప్పుడు డప్పు పట్టుకున్నదే అందుకు. డప్పు కొట్టేవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు, వచ్చి పక్కన నిలబడతారంతే. అతనికి కావలసిందీ అంతే.

అలా పక్కన నిలబడిన వాళ్ళలో మొదటివాడు తాతబాబు, రెండోవాడు గంగరాజు. ముగ్గురూ ఒకే ఫ్యాక్టరీ, ఒకే డప్పు దళం. షిఫ్టులు మాత్రం మూడు. ఒకడు పనిలో ఉంటే ఒకడు నిద్రలో ఉంటాడు, మూడోవాడు బస్సులో ఉంటాడు. అంచేత వీళ్ళ ప్రాక్టీసంతా ఫ్యాక్టరీ బస్సు ఆగే చోటే జరిగేది. దిగుతున్న తాతబాబు ఖాళీ క్యారేజీ మూత మీద వేళ్ళతో దరువు వేసి, “బావా, కొత్తది. పట్టు,” అనేవాడు. ఎక్కుతున్న అర్జునరావు దాన్ని కిటికీ ఊచ మీద వాయిస్తూ డ్యూటీకి పోయేవాడు. మర్నాడు అది గంగరాజుకు చేరేది.

ఎంత అనాగరికం! ఎంత కాలహరణం!

ఫలితం కూడా అలాగే వచ్చింది. కాలనీ వార్షికోత్సవంలో ముగ్గురూ స్టేజీ మీద మూడు దారులు పట్టారు. కమిటీ కార్యదర్శి కామరాజు గారిది గోదావరి వైపు. కోపం వచ్చినా ‘అండి’ వదలరు. “ఇంకొక్క ఏడాది చూస్తామండి. అప్పుడూ ఇంతే అయితే మీ దళానికి మా స్టేజీ ఉండదండి,” అన్నారు.

ఏడాదికి ఒక్కసారైనా ముగ్గురూ ఒక్కచోట నిలబడేది ఆ స్టేజీ మీదే. అది పోతే అర్జునరావుకు ఏం మిగులుతుంది? ఆ భయంతోనే, 2004లో, ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కొన్నాడు. ఎవరి దరువు వాళ్ళకు కాగితం మీద రాసిచ్చేస్తే షిఫ్టులతో పనే లేదుగా!

గురువు మొదటి పాఠం వినయం. వాయిద్యాల పట్టికలో ఏవేవో దేశాల డోళ్ళు వందున్నాయి, డప్పు లేదు. దగ్గరగా ఉందనుకున్నదాన్ని ఎంచుకుని మోగించాడు. వంటింట్లోంచి అతని భార్య గౌరీశ్వరి తొంగిచూసింది.

“ఈదిలోకి ఐస్‌ఫ్రూట్ బండొచ్చిందేటండీ?”

“డప్పే అది.”

“మీకు జొరం గానీ వచ్చిందేటి?”

రెండో పాఠం తత్త్వం. డప్పుకు కుడిచేతిలో లావు పుల్ల, ఎడమచేతిలో సన్న పుల్ల. ఈ రెండు చేతులూ ఒకే మనిషివని సాఫ్ట్‌వేర్ నమ్మదు. రెండిటినీ వేరువేరుగా రాయమంటుంది. కుడిచేతిని రాసి ఎడమచేతికి వచ్చేసరికి, ఖాళీ ఉన్న చోటల్లా తనే విరామం గుర్తులు నింపేసి ఉంటుంది. ఒక్క దెబ్బ వేయడానికి ముందు ఒక విరామాన్ని తుడవాలి. మనలో మనం ఎన్ని ముక్కలుగా ఉన్నామో ఇంత శ్రద్ధగా చూపించే వైద్యుడు ఈ విశాఖపట్నంలో ఉన్నాడా?

మూడో పాఠం క్రమశిక్షణ. వీళ్ళ దరువులో ఒక అలవాటుంది. ఆడేవాళ్ళు గిరుక్కున తిరిగేటప్పుడు, వాళ్ళ అడుగు నేల మీద పడేదాకా ఆఖరి దెబ్బ వేయకుండా పుల్ల పైకెత్తి ఆగుతారు. ఎంతసేపు? అడుగు పడేదాకా. ఈ జవాబు సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు, దానికి లెక్క కావాలి. అర్జునరావు ఎన్నో సాయంత్రాలు దానితో పెనుగులాడి, చివరికి అక్కడ ఒకే ఒక మాత్ర విరామం పెట్టాడు. తాతల నాటి బద్ధకం ఒక్క నొక్కుతో వదిలింది!

ఈ పనిలో పడి అతను బస్సు దగ్గర ఆగడం మానేశాడు. దిగీ దిగగానే ఇల్లు, స్క్రీను. తాతబాబు చెయ్యి, గంగరాజు చెయ్యి, తన చెయ్యి, మూడూ తన ముందే గీతల మీద బుద్ధిగా ఉండేవి. మనుషులు లేకుండానే మనుషులతో ఉన్నట్టుండేది. ఒంటరివాడికి ఇంతకంటే సుఖం ఉంటుందా?

పని పూర్తయ్యాక ప్రింటు తీసి తాతబాబుకు ఇచ్చాడు. తాతబాబు దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

“బావా, దీన్ని ఏ పక్క పట్టుకోవాల?”

అర్జునరావు నొచ్చుకుని, అదే దరువును కంప్యూటర్ చేత వాయింపజేసి సీడీ చేసిచ్చాడు. తాతబాబు ఇంట్లో సీడీ ప్లేయర్ లేదు. కమిటీ ఆఫీసుకు వెళ్ళి పెట్టించుకున్నాడు. అక్కడే ఉన్న కామరాజు గారు ఆసాంతం కళ్ళు మూసుకుని విన్నారు. విని, అర్జునరావును పిలిపించారు.

“సరిగ్గా ఎనిమిది నిమిషాలండీ. ఎక్కడా తేడా లేదు. ఇంకా మీ ముగ్గురూ సెలవుల కోసం తంటాలు పడడం ఎందుకండి? పిల్లల డాన్సుకు ఈ సీడీయే పెట్టేద్దాం.”

అర్జునరావు చెప్పవలసింది చాలా ఉంది. అది మా చేతులు కాదు అనాలి. మాకు స్టేజీ కావాలి అనాలి.

“అలాగేనండి,” అన్నాడు.

వార్షికోత్సవం నాటి సాయంత్రం తాతబాబు, అర్జునరావు ప్లాస్టిక్ కుర్చీల్లో పక్కపక్కన కూర్చున్నారు. గంగరాజు డ్యూటీలో ఉన్నాడు. సౌండ్ బాక్సుల్లోంచి దరువు మొదలైంది, పిల్లలు ఆడుతున్నారు. కాసేపటికి తాతబాబు వేళ్ళు కుర్చీ చేతి మీద కదిలాయి. స్టేజీ మీద ఒక చిన్నపిల్ల గిరుక్కున తిరిగింది. సౌండ్ బాక్సు ఒక మాత్ర ఆగి ముందుకు పోయింది. తాతబాబు వేళ్ళు గాల్లో ఆగాయి. పిల్ల అడుగు పడ్డాకే దెబ్బ పడింది. అక్కణ్ణుంచి రెండు దరువులూ కలవలేదు.

వెనక కూర్చున్నావిడ ముందుకు వంగింది. “బాబూ, ఆ సప్పుడు ఆపండి. మేళం ఇననియ్యండి.”

తాతబాబు చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఆ పిల్ల కాలింకా పడనేదు బావా,” అన్నాడు మెల్లగా.

కనుక ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసే పెద్దలకు ఒక మనవి. వచ్చే వెర్షన్‌లో దీన్ని సులువు చేస్తారట. దయచేసి ఆ పని చేయకండి. ఇంకా కష్టం చేయండి. ఎంత కష్టమంటే, అర్జునరావు లాంటివాడు మొదటి సాయంత్రమే విసిగిపోయి, కంప్యూటర్ కట్టేసి, వెళ్ళి తాతబాబు ఇంటి తలుపు కొట్టేటంత!