ఏడు హెడ్‌సెట్లు, ఒక కుడిచెయ్యి

ప్రతి ఇంట్లోనూ హెడ్‌సెట్లు కనీసం ఏడు ఉండాలని నా నిశ్చితాభిప్రాయం. ఒకటి చాలదా అని మీరడగవచ్చు. చాలదు! ఒకే పని ఏడు చోట్ల ఏడు రకాలుగా చెడిపోవడం కళ్ళారా చూస్తేగానీ మనిషికి సహనం అలవడదు. ధ్యానం క్లాసులకు వెళ్ళేవాళ్ళంతా చాపలు చుట్టేసి మా హాల్లోకి వచ్చి కూర్చోవచ్చు.

మా ఆయన మిక్స్‌డ్ రియాలిటీ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తారు. అదేమిటో తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను. కళ్ళకు ఆ పరికరం తగిలించుకుంటే మన గది మనకు కనిపిస్తూనే ఉంటుంది, అందులో లేని వస్తువు కూడా ఉన్నట్టే కనిపిస్తుంది. ఇందులో వింతేముంది? ఉన్నట్టే కనిపిస్తూ లేని మనిషితో నేను పద్దెనిమిదేళ్ళుగా కాపురం చేస్తున్నాను. దానికి కళ్ళకేమీ తగిలించుకోవలసిన అవసరం రాలేదు.

అయితే ఆ వస్తువును చూపించడం పెద్ద గొప్పేమీ కాదట. ఏ కంపెనీ హెడ్‌సెట్ పెట్టుకున్నా ఒకేలా చూపించడమే గొప్పట! "ఒక్కసారి రాస్తే చాలు, అన్నింట్లోనూ నడుస్తుంది" అని ఆయన ఫోన్లో ఎవరికో చెబుతుండగా విన్నాను. ఆ ఒక్కసారి నుంచి ఇప్పటిదాకా రాస్తూనే ఉన్నారు.

ఏడు హెడ్‌సెట్లూ మా డైనింగ్ టేబుల్ మీద కొలువుదీరాయి. మేము సోఫాలో పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నాం. త్యాగం లేకుండా ప్రగతి ఎలా వస్తుంది? వాటి అసలు పేర్లు నోరు తిరగక నేనే కొన్నింటికి నామకరణం చేశాను. మెడ విరిచేంత బరువున్నది గంప. సన్నగా ఉండి ఏదీ సరిగ్గా చూపించనిది చత్వారం. గంటకోసారి దించి చల్లార్చవలసినది కుక్కర్.

ఇంతకీ ఆ సాఫ్ట్‌వేర్ దేనికంటే, పక్షవాతం వచ్చినవాళ్ళ చేతికి వ్యాయామం చేయించడానికి. మా అత్తయ్యకు ఆ మధ్య స్వల్పంగా వచ్చి కుడిచేతి వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. "మొదటి మూడు నెలలే ముఖ్యం, అశ్రద్ధ చేయకండి" అని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మంగళ, శుక్రవారాలు ఇంటికి వచ్చేది.

రెండో వారంలోనే మా ఆయన ఆ అమ్మాయిని మాన్పించారు. "ఇంట్లో నేనుండగా బయటివాళ్ళెందుకమ్మా? వచ్చే వారానికి మా సాఫ్ట్‌వేర్ రెడీ!" అన్నారు. చూస్తూ చూస్తూ తొమ్మిదో వారం వచ్చింది. వచ్చే వారం అన్నది మాత్రం ఏడు హెడ్‌సెట్లలోనూ ఒకేలా కనిపిస్తోంది.

పరీక్షలు చూసి తీరాలి. గాల్లో ఒక ఎర్ర బంతి కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని పిండాలి. గంపలో అది బల్ల మీద బుద్ధిగా కూర్చుంది. చత్వారంలో సీలింగ్ ఫ్యానుకు వేలాడింది. కుక్కర్లో నేలలోకి కూరుకుపోయింది.

"ఎక్కడరా బంతి?" అంది అత్తయ్య మంచం మీంచి వంగి.

"కొంచెం కిందికి చూడమ్మా."

"కింద నీ చెప్పులున్నాయి."

"ఆ చెప్పుల్లో చూడు!"

డెబ్బై ఏళ్ళ మనిషికి కొడుకు చెప్పుల్లో ఆరోగ్యం వెతుక్కునే భాగ్యం వేరే ఏ వైద్యంలో దొరుకుతుంది చెప్పండి!

తర్వాత అసలు చిక్కు బయటపడింది. ఏడింటిలో రెండింటికి మనిషి చెయ్యి ఆనదట. ఒకదానికి రిమోట్ తప్ప ఇంకేమీ తెలియదట. ఆయనా, ఆయన ఆఫీసు టీమూ మూడు రోజులు ఫోన్లో మీటింగు పెట్టి, ఏడింటికీ ఉమ్మడిగా తెలిసినదేమిటా అని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోయారు. చివరికి మిగిలింది తలకాయ. తల ఎటు తిరిగిందో అన్నింటికీ తెలుస్తుందట.

అంతే, చేతి వ్యాయామం సాఫ్ట్‌వేర్‌లోంచి చేతిని తీసేశారు!

ఇప్పుడు రోగి బంతి వైపు చూసి తల ఊపితే చాలు, బంతి తనను తానే పిండుకుంటుంది.

"అదేమిట్రా, వ్యాయామం చేతికా, మెడకా?" అని అడిగింది అత్తయ్య.

"అన్ని డివైసుల్లోనూ నడవాలి కదమ్మా!"

"మరి నా చెయ్యి ఆడక్కర్లేదూ?"

"అది నెక్స్ట్ వెర్షన్‌లో చూద్దాం."

అత్తయ్య ఒక్కొక్కటే తగిలించుకుని పదేసిసార్లు తల ఊపింది. 'శభాష్! మీ కుడిచెయ్యి నూరు శాతం కోలుకుంది' అని ఏడు హెడ్‌సెట్లూ ఏకకంఠంతో ప్రకటించాయి. ఫోన్లోంచి టీమంతా చప్పట్లు కొట్టింది. సరిగ్గా అప్పుడే నూరు శాతం కోలుకున్న ఆ చెయ్యి నేనందించిన చెంచాను పట్టుకోలేక కిందికి వదిలేసింది. నేను తీసి కడుక్కొచ్చాను. "మెడ ఎంత ఫ్రీగా తిరుగుతోందో చూశావా?" అన్నారు మా ఆయన. నేనూ తల ఊపాను. ఆ వ్యాయామంలో నాకు పద్దెనిమిదేళ్ళ సాధన ఉంది.

ఇంత తేలికైన పద్ధతి వంటింట్లో నాకెందుకు తట్టలేదా అని సిగ్గుపడ్డాను. ఒకరికి ఉప్పు పడదు, ఒకరికి కారం పడదు, ఒకరికి నూనె పడదు. అందరికీ పడేది మాత్రమే మిగల్చమంటే వేడినీళ్ళు మిగులుతాయి. పళ్ళెంలో వేడినీళ్ళు పోసి, 'అన్ని నోళ్ళకీ నడుస్తుంది' అంటే ఊరుకుంటారా? నేను బీఏ వరకే చదివాను. అంత తెగింపు రావాలంటే ఇంజనీరింగ్ చదవాలి.

డాక్టరు చెప్పిన మూడు నెలల్లో ఇక మూడు వారాలే మిగిలాయి. ఆయన మాన్పించిన ఫిజియోథెరపీ అమ్మాయికి నేనే ఫోన్ చేశాను. మంగళ, శుక్రవారాలు పదకొండింటికి రమ్మన్నాను. ఆ వేళకు మా ఆయన గంప నెత్తికెత్తుకుని సోఫాలో మీటింగులో ఉంటారు.

మొన్న శుక్రవారం ఆ అమ్మాయి హాల్లో కిటికీ పక్కన అత్తయ్య మంచం దగ్గర స్టూలు వేసుకుని, ఒక్కో వేలే వంచడం మొదలుపెట్టింది.

"చంపేస్తున్నావే తల్లీ!"

"తిట్టుకోండి పెద్దమ్మా, కానీ నా వేలు వదలకండి."

గంప మెల్లగా ఇటు తిరిగింది. మా ఆయన టీముతో ఇలా అన్నారు: "ఒక్క నిమిషం. నా దాంట్లో అమ్మ పక్కన ఎవరో అమ్మాయి కనిపిస్తోంది. మీకూ వస్తోందా? రావట్లేదా? అయితే ఇది ఈ డివైస్‌లో బగ్, లేని మనిషిని చూపిస్తోంది. రాసుకోండి."

అత్తయ్య నా వైపు చూసింది. ఆమె చూపుడువేలు ఆ అమ్మాయి వేలిని కొద్దిగా, వణుకుతూ, చుట్టుకుని ఉంది.

ఆ టీములో ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క విన్నపం. బాబ్బాబు, మంగళ, శుక్రవారాల్లో వచ్చే ఆ బగ్‌ను మాత్రం సరిచేయకండి. మీరు చేసినవాటిలో మా ఇంట్లో పనిచేస్తున్నది అదొక్కటే!