బందరు నుంచి లేవాల్సిన షట్టరు

"ఇకపై దివిసీమ మురుగునీరు సముద్రంలో కలవాలంటే బందరులో నా వేలు కదిలితే చాలు!" అని మంత్రి దైవాధీనం గారు ప్రకటించారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ వేలు అటువంటిది.

ఏర్పాటు అమోఘం. బందరు ఆఫీసులో మంత్రిగారు మౌస్ కదిపితే హంసలదీవి దగ్గర మురుగుకాలవ షట్టరు గదిలో కంప్యూటర్ మీద బాణం కదులుతుంది. ఆయన క్లిక్ చేస్తే ఆజ్ఞ తీగ గుండా వెళ్లి మోటారు డబ్బాలో పడుతుంది. అక్షరాలు ఒకదాని వెనక ఒకటి వరుసలో వెళ్తాయని ఇంజనీరు సాయిసుధ వివరించింది.

"నా మాట క్యూలో నిలబడాలా?" మంత్రిగారు నొచ్చుకున్నారు.

"క్యూ అంతా మీ మాటలేనండీ. ముందూ మీరే, వెనకా మీరే."

ఆయన శాంతించారు.

ప్రారంభోత్సవం రోజుకి వాయుగుండం కూడా వచ్చింది. పిచ్చేశ్వరరావు బాబాయి వరిచేను పొట్ట మీదుంది, మునిగింది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడే షట్టరు ఎత్తాలి. పోటు మొదలైతే ఉప్పునీళ్లు ఎదురొస్తాయి. సాయిసుధతో పాటు బాబాయీ నేనూ షట్టరు గదిలో నిలబడ్డాం.

"చేత్తో తిప్పేద్దామమ్మా," అన్నాడు బాబాయి.

షట్టరు ఎత్తే చక్రానికి తాళం. తాళంచెవి బందరులో. మంత్రిగారికంటే ముందు ఇంకెవరూ తెరవకుండా, ఇక్కడి మౌస్, కీబోర్డు కూడా ముందే పీకేశారు. పకడ్బందీ పాలన అంటే అదీ.

బాణం హుందాగా కదిలింది. క్లిక్ అయింది. షట్టరు కదల్లేదు.

సాయిసుధ బందరుకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. "సార్, డబ్బాలో కొన్ని అక్షరాలే పడతాయండీ. 'ప్రజాబంధు, డెల్టా ముద్దుబిడ్డ, గౌరవ మంత్రివర్యులు డాక్టర్ దైవాధీనం గారి ఆదేశానుసారం షట్టరు తెరువు' అని పంపుతున్నారు. 'షట్టరు' దగ్గరే నిండిపోతోంది. 'తెరువు' లోపలికి వెళ్లట్లేదు."

పీఏ రామమూర్తి గారు అందుకున్నారు. "ఏది తీసెయ్యమంటావమ్మా? సార్ ప్రజాబంధువు కాదా?"

"పోనీ, ఆ డాక్టర్ ఒక్కటీ..."

"నిన్ననే ఇచ్చారమ్మా అది! ఇంకా ఫ్రేము కూడా కట్టించలేదు."

"అయ్యా, పోటొచ్చేస్తందండీ," బాబాయి ఫోన్ మీదికి వంగాడు. "ఇప్పుడెత్తకపోతే గింజ దక్కదు."

"ఎవరయ్యా మధ్యలో?"

"మునిగినోణ్ణండీ."

"ఉండవయ్యా, పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్నారు."

అప్పుడు మంత్రిగారి కంఠం ఖంగుమంది. "రైతు కోసం ఏ త్యాగానికైనా సిద్ధం! కొంత తగ్గించండి!"

బాబాయి చేతులు జోడించాడు. బందరులో రామమూర్తి గారు కీబోర్డు నొక్కుతున్నారు. ఇక్కడ మా కళ్లముందే తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి, చివరి నుంచి. 'తెరువు' పోయింది, 'షట్టరు' పోయింది, 'ఆదేశానుసారం' దగ్గరికొచ్చి ఆగాయి.

క్లిక్.

'సందేశం పూర్తిగా అందింది' అని తెర మీద పచ్చగా వెలిగింది. ఫోన్లో చప్పట్లు మోగాయి. కిటికీ అవతల షట్టరుని కెరటం తాకింది.

"ఏమ్మా, అంతా పట్టిందా?" మంత్రిగారు అడిగారు.

"పట్టిందండీ," అంది సాయిసుధ. "ఇంకా కాస్త చోటు కూడా మిగిలింది."

"అయితే 'అపర భగీరథ' చేర్చవయ్యా, రామమూర్తీ!"