సాంచాలు ఆగిన అరగంట

శనివారం అశ్విని పొద్దున్నే లేచి, ఇస్త్రీ చీర కట్టుకుని, పాఠం రెండుసార్లు వల్లెవేసుకుంది. ఆమె పనిచేసే కాలేజీ నేతపని మీద ఆన్‌లైన్ కోర్సు తయారుచేస్తోంది. ఆమె మొదట పంపిన పాఠంలో అరవై స్లైడ్లు ఉన్నాయి. విద్యార్థులెవరూ రెండు నిమిషాలకు మించి చూడలేదు. "శనివారం తొమ్మిదిలోపు మంచి పాఠం రాకపోతే పుణె నుంచి తయారు కోర్సు కొంటాం" అని ప్రిన్సిపాల్ తేల్చేశారు. కాలేజీ సొంత కోర్సు కోసం అశ్విని మూడేళ్లు తిరిగింది.

ఈసారి తెగిన పోగును ముడివేయడం చూపాలనుకుంది. ఊళ్లు వదిలి వలసవచ్చిన నేతవాళ్ల పేట నార్పోలిలో వాళ్ల ఇల్లు మేడమీద, కార్ఖానా కింద. ఎనిమిది సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడుస్తుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు.

"బాపూ, అరగంట బంద్ జేస్తవా?" అని తండ్రిని బతిమాలింది.

"గట్లనే కానీ బిడ్డా," అని విఠల్ స్విచ్ ఆపి, తలవంచుకుని చాయ్ తాగడానికి పోయాడు.

అశ్విని కార్ఖానాలో ఫోన్ నిలబెట్టి రికార్డింగు మొదలుపెట్టింది. "పోగు అనగా..."

కరెంటు పోతే గల్లీలో అన్ని సాంచాలూ ఒకేసారి ఆగుతాయి. ఒక్క ఇంటివి మాత్రమే ఆగితే, ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. అప్పుడు ఇరుగుపొరుగు కూడా ఆపేస్తారు. పక్క కార్ఖానా సోమయ్య చెవులు రిక్కించాడు. విఠల్ తల వేలాడేసుకుని పోవడం కూడా చూశాడు. ఆ ఇంట్లో ముసలి ప్రాణం ఒక్కటే, విఠల్ తల్లి మల్లవ్వ. సోమయ్య తన సాంచాలు ఆపి పూలదండ కోసం పరుగెత్తాడు.

కాసేపట్లో గల్లీ అంతా మూగబోయింది. ఆడవాళ్లు ఏడుస్తూ కార్ఖానాలోకి వచ్చేశారు. మేడమీద మిరపకాయలు ఎండబెడుతున్న మల్లవ్వ ఆ ఏడుపు విని దిగివచ్చి, ఎవరినీ ఏమీ అడగకుండా వాళ్ల మధ్య కూలబడింది.

"రైలు దిగిననాడు మనకు ఒక్క మూటే గదనే! ఒక్క ఖోలీల పదిమందిమి పండుకుంటిమి! ఒక్కలకు జొరమొస్తే పదిమంది మేలుకుంటిమి!"

కొంగులు అడ్డం పెట్టుకున్న వాళ్లంతా ఆ ఇరుకు గదిని, ఆ ఖోలీని తలచుకుని నిజంగానే ఏడ్చారు. మల్లవ్వ ముక్కు తుడుచుకుని పక్కామె చెవిలో అడిగింది. "ఇంతకు పోయిందెవలే?"

దండతో గుమ్మంలోకి వచ్చిన సోమయ్య బిగుసుకుపోయాడు. "చిన్నమ్మా! పోయింది నువ్వే!"

"నాకెవ్వలు చెప్పలేదేందిరా?"

"మరి సాంచాలు ఎందుకు ఆగినయ్?"

"పోగు ముడేసుడు ఫోన్ల నేర్పుతున్న," అంది అశ్విని ఏడుపు గొంతుతో.

"చెప్తే వస్తదా బిడ్డా అది?" మల్లవ్వ ఒక పోగు తెంపి వేళ్ల మీదికి తీసుకుంది. "ఇగో, బొటనవేలి మీద తిప్పి, గిట్ల లోపలికి."

"గట్ల కాదు చిన్నమ్మా. మా అయ్య వేరే ఏసేటోడు," అన్నాడు సోమయ్య.

"మీ అయ్యకు నేర్పిందే నేను!"

"మల్లొకసారి సూపియ్యి," అన్నారు ఆడవాళ్లు. అందరూ తలో పోగు తీసుకున్నారు. సోమయ్య ముడి రెండుసార్లు ఊడిపోయింది, మూడోసారి నిలిచింది.

తొమ్మిదికి ఐదు నిమిషాలే ఉంది. మళ్లీ తీసే వీలు లేదు. ఫోన్ అప్పటిదాకా తీసిందంతా అశ్విని ఏడుపులతో సహా ఉన్నదున్నట్టు పంపి, కోర్సు పుణెకే రాసిపెట్టి ఉందనుకుంది.

సోమవారం ప్రిన్సిపాల్ ఫోన్ చేశారు. విద్యార్థులు చివరిదాకా చూశారట. ఇంట్లో దారాలు తెంపి, ముడులు వేసి, ఫొటోలు పంపారట. ఒకమ్మాయి రైలు దిగాక ఏమైందని అడిగిందట. ఇకమీదట కోర్సులన్నీ చేతిపని, ప్రశ్నలు, పొరపాట్లు కలిపి ఇలాగే తయారుచేయాలని తీర్మానించారు. పుణె కోర్సు కొనే ఆలోచన రద్దయింది. ప్రధాన అధ్యాపకురాలిగా మల్లవ్వను నియమించారు.

ఎం.టెక్. చదివినందువల్ల అశ్వినికి సహాయకురాలి పదవి దక్కింది.